అరచేతి పెట్టెలో హామండ్ ఆర్గన్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో కీబోర్డుల గురించి రాస్తూ చివర్లో ఆర్గన్ మాడ్యూల్ అనే మాట ఒకటి వాడాను. సొంతంగా మెట్లు లేకుండా, కీబోర్డుకి కలిపితే ఆర్గన్ శబ్దం ఇచ్చే చిన్న పెట్టె అది. ఆ ఒక్క మాట మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందులోనూ ఎక్కువ మన విశాఖపట్నం నుంచే. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా చర్చిలో ఆదివారం ఆరాధనకి కీబోర్డు వాయిస్తాను. అందులో ఆర్గన్ టోన్లు పది పన్నెండు ఉన్నాయి గానీ, ఏది పెట్టినా అమెరికా చర్చి వీడియోల్లో వినిపించే ఆ నిండుదనం రావట్లేదు. మాడ్యూల్ కొంటే వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. అసలు అందులో ఏముంటుంది? – మర్రిపాలెం నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబూ, మీరు ఆ వీడియోల్లో వింటున్నది దాదాపుగా హామండ్ బీ-3 గానీ దాని అన్నదమ్ముల్లో ఒకటి గానీ అయ్యుంటుంది. షికాగోలో కరెంటు గడియారాలు తయారుచేసే లారెన్స్ హామండ్, ఆ గడియారం మోటారు ఆలోచననే పట్టుకుని 1935లో తన మొదటి ఆర్గన్‌ని బయటికి తెచ్చాడు. బీ-3 వచ్చింది ఆ తర్వాత, 1950ల మధ్యలో. దాని లోపల 91 ఇనప చక్రాలు తిరుగుతూ ఉంటాయి, ఒక్కోటీ అరచేతిలో పట్టేంత ఉంటుంది, అంచున పళ్ళుంటాయి. తీగ చుట్టిన అయస్కాంతం ముందు నుంచి ఆ పళ్ళు వెళ్తుంటే తీగలో కరెంటు అలలాగా పుడుతుంది. ఆ అలే స్వరం.

ఇప్పుడు అసలు విషయం. ఒక మెట్టు నొక్కితే ఒక్క చక్రం కాదు, తొమ్మిది చక్రాల దాకా పలుకుతాయి. ఏది ఎంత పలకాలో పైన ఉండే తొమ్మిది డ్రాబార్లు నిర్ణయిస్తాయి, ఒక్కోదాన్ని 0 నుంచి 8 దాకా బయటికి లాగొచ్చు. వాటి మీద రాసి ఉండే 16, 8, 4 అనే అడుగుల లెక్క చూసి చాలామంది బెదిరిపోతారు గానీ మన స్వరాల్లో చెప్పుకుంటే చాలా తేలిక. 8 అంటే మీరు నొక్కిన షడ్జమం. 16 అంటే దాని కింది స్థాయి షడ్జమం. డ్రాబార్ల వరసలో వాటి మధ్య ఉండే అయిదుంబావు లాంటిది, సరిగ్గా అయితే 5 1/3, అది 8 కి పైన వచ్చే పంచమం. 4 అంటే తారషడ్జమం, 2 2/3 ఆపైన పంచమం, 2 ఇంకా పైన షడ్జమం, 1 3/5 గాంధారం, 1 1/3 మళ్ళీ పంచమం, 1 అన్నిటికన్నా పైన షడ్జమం. తంబురా మీటినప్పుడు షడ్జమంలోంచి గాంధారం తనంతట తాను వినిపిస్తుంది కదా, ఆ పలుకుల్నే విడివిడిగా మన చేతికిచ్చాడన్నమాట. మొదటి మూడూ పూర్తిగా లాగి మిగతావి లోపలికి తోసేసి వాయించి చూడండి, మీరు వెతికే శబ్దంలో సగం అక్కడే దొరుకుతుంది.

మరి మీ కీబోర్డులో ఎందుకు రాదంటే, అందులో ఒక్కో స్వరాన్నీ రికార్డు చేసి దాచారు. మీరు కింది స, పై స కలిపి నొక్కితే రెండు రికార్డులు పక్కపక్కన మోగుతాయి. నిజం ఆర్గన్‌లో ఆ రెండు మెట్లూ కొన్ని చక్రాలని పంచుకుంటాయి, ఎన్ని మెట్లు నొక్కినా చక్రం ఒక్కటే. అందుకే రెండు చేతులా పది మెట్లు నొక్కినా శబ్దం ముద్దయిపోకుండా నిండుగా వస్తుంది. మంచి మాడ్యూల్‌లో రికార్డులుండవు. 91 చక్రాలూ తిరుగుతున్నట్టు ఒక చిప్ ఎడతెగకుండా లెక్క కడుతూనే ఉంటుంది, మీరు మెట్టు నొక్కినప్పుడు ఆ లెక్కలోకి తలుపు తీస్తారంతే. దీన్ని మోడలింగ్ అంటారు.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్పాలి. ఆ శబ్దంలో మన ప్రాణం లాగేవన్నీ ఆ యంత్రం లోపాలే. మెట్టు కింద తొమ్మిది కాంటాక్టులు ఒక్క క్షణంలో కలవవు, కాస్త ముందూ వెనకా కలుస్తాయి, దాంతో మొదట్లో చిటుక్కుమని చిన్న చప్పుడొస్తుంది. హామండ్ ఆ చప్పుడు పోగొట్టాలనే చూశాడు, వాయించేవాళ్ళేమో అదే కావాలన్నారు. పక్క చక్రాల శబ్దం కొంచెం ఇటు కారుతుంది. ఈ లోపాలన్నీ తుడిచేసి శుభ్రంగా వినిపించే మాడ్యూల్ నాకు అక్కర్లేదు, మీరూ కొనొద్దు.

షాపులో గానీ స్నేహితుడి దగ్గర గానీ ఇలా పరీక్ష చేయండి. పర్కషన్ ఆన్ చేసి ఒక మెట్టు నొక్కితే ముందు ‘టంగ్’మని గంట కొట్టినట్టు వస్తుంది. ఆ వేలు తీయకుండా రెండో మెట్టు నొక్కండి. రెండోసారి ఆ టంగ్ రాకూడదు, వేళ్ళన్నీ ఎత్తి మళ్ళీ నొక్కితేనే రావాలి. అలాగే పర్కషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తొమ్మిదో డ్రాబార్ పలకకూడదు, ఎందుకంటే పాత ఆర్గన్‌లో పర్కషన్ ఆ డ్రాబార్ తీగనే వాడుకునేది. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయంటే దాన్ని తయారుచేసినవాళ్ళు నిజం ఆర్గన్ ముందు కూర్చుని విన్నారని అర్థం.

మిగతా సగం శబ్దం లెస్లీ స్పీకరుది. డాన్ లెస్లీ అనే ఆయన 1940 ప్రాంతంలో చేసిన చెక్క బీరువా అది. పైన ఒక కొమ్ము బూర గిరగిరా తిరుగుతుంది, కింద బేస్ కోసం ఒక డ్రమ్ము దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. మీ మర్రిపాలెంలో పట్టాల పక్కన నిలబడితే రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపిస్తుంది చూడండి, బూర తిరుగుతున్నప్పుడు అదే పని సెకనుకి ఆరేడు సార్లు జరుగుతుంది. స్విచ్ నెమ్మది నుంచి వేగానికి మార్చగానే తేలికైన బూర చటుక్కున అందుకుంటుంది, బరువైన డ్రమ్ము వెనకాల నింపాదిగా వేగం పుంజుకుంటుంది. పాట చరణంలోంచి పల్లవికి వచ్చేటప్పుడు ఆ కొద్ది సెకన్లలో గాలి కదిలినట్టుండే అనుభూతి అక్కడి నుంచే వస్తుంది. మాడ్యూల్‌లో ఆ రెండూ ఒకేసారి వేగం మారాయంటే వదిలేయండి. మాడ్యూల్ బాగుండి లెస్లీ బాగోకపోతే నియో వెంటిలేటర్ లాంటి పెడల్ విడిగా పెట్టుకోవచ్చు, అది 122 మోడల్ లెస్లీకి అనుకరణ.

ఇంకొక్కటి. చాలా చర్చిల్లో సౌండ్ సిస్టమ్ మోనో. మాడ్యూల్‌లోంచి స్టీరియోగా వచ్చే లెస్లీని రెండు వైర్లతో తెచ్చి మిక్సర్‌లో ఒకటి చేసేస్తే శబ్దం డొల్లగా అయిపోతుంది. ముందే మాడ్యూల్‌లో మోనో సెట్టింగ్ పెట్టి ఒక్క వైరే ఇవ్వండి.

ప్రశ్న: రిటైరయ్యాను. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. అక్కడ పాత హామండ్ బీ-3 ఒకటి చవగ్గా వస్తోందట, సామాన్లతో పాటు కంటెయినర్‌లో పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోమంటారా? – మహారాణిపేట నుంచి

జవాబు: అయ్యా, మీ మనసు నాకు తెలుసు. నాకే ఎవరైనా పంపిస్తామంటే రాత్రి నిద్రపట్టదు. అయినా వద్దనే చెబుతాను, కారణాలు వినండి.

బల్ల, కాలి పెడళ్ళతో కలిపి అది దాదాపు 190 కిలోలు. లెస్లీ విడిగా ఇంకో బీరువా. అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదు, మెట్ల మీద మలుపు తిరగదు. సరే, నలుగురు మనుషుల్ని పెట్టి ఎక్కించారనుకుందాం. అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఆ చక్రాల్ని తిప్పే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది, వోల్టేజీని బట్టి కాదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టినా ఆ 50 మారదు. అప్పుడు మోటారు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, ఆర్గన్ మొత్తం శ్రుతి దిగిపోతుంది. 440 హెర్ట్జ్ పలకాల్సిన ఆరు శ్రుతి మెట్టు 367 దగ్గర పలుకుతుంది, అంటే నాలుగున్నర శ్రుతి కంటే కూడా పిసరంత కింద! మీరు ఒంటరిగా వాయించుకుంటే ఫర్వాలేదు, పక్కన ఫ్లూటో వయొలినో చేరితే కుదరదు. 60 హెర్ట్జ్ కరెంటు తయారుచేసిచ్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఆ ఖర్చు కూడా కలుపుకుని లెక్కేయండి. 50 హెర్ట్జ్ దేశాల కోసమే చేసిన పాత హామండ్లూ ఉన్నాయి, అయినా కరెంటు పోయి జనరేటర్ మీద నడిచినప్పుడు, జనరేటర్ వేగం తగ్గితే శ్రుతి కూడా దానితోపాటు తగ్గుతుంది.

పైగా మనది సముద్రం పక్క ఊరు. మహారాణిపేటలో కిటికీ ఊచలకి ఎన్నేళ్ళకోసారి రంగు వేయిస్తున్నారో మీకే తెలుసు. రెండు వరసల్లో 122 మెట్లు, మెట్టుకి తొమ్మిది కాంటాక్టులు, వెయ్యికి పైగా సన్నటి తీగలు. ఒక దుమ్ము కణం పడితే ఒక స్వరంలో ఒక పలుకు మాయమవుతుంది. చక్రాల బేరింగులకి ఏడాదికోసారి నూనె పొయ్యాలి. పైన గరాటులో పోస్తే నూలు దారాల వెంట ఒక్కో బేరింగుకీ నూనె పాకుతూ వెళ్తుంది. మనుషులు ఎంత శ్రద్ధగా కట్టారో ఆ దారాలు చూస్తే తెలుస్తుంది, చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ బీ-3 తయారీ 1974లోనే ఆగిపోయింది. దాన్ని విప్పి బాగుచేసే చెయ్యి దగ్గర్లో లేకుండా తెచ్చి హాల్లో పెడితే, దానికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

మీ తమ్ముడుగారిని ఒక మాడ్యూల్ చేతిసంచిలో తెమ్మనండి. హామండ్ కంపెనీదే ఎక్స్‌ఎం-2, రోలండ్ వీకే-8ఎం పాతవి దొరుకుతాయి. ఆ తర్వాత వచ్చినవైతే జర్మనీ ఫెరోఫిష్ బీ4000+, ఇటలీ జీఎస్ఐ వాళ్ళ జెమినీ. తెచ్చాక అడాప్టర్ మీద రాసింది చదవకుండా ప్లగ్గు పెట్టకండి. నాకు వచ్చిన పాత మాడ్యూల్ అడాప్టర్ మీద 120 వోల్టులు అని చిన్న అక్షరాల్లో ఉంది, ఆత్రంలో చూసుకోలేదు. మన 230 తగిలిన రెండు నిమిషాల్లో గదంతా కాలిన వార్నిష్ వాసన. పెట్టె బతికింది, అడాప్టర్ పోయింది. మాడ్యూల్‌కి కావాల్సిన వోల్టేజీ, సరిపడే ఆంపియర్లు, పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నది కూడా చూసుకుని ఇక్కడే కొత్తది కొనుక్కున్నాను.

ప్రశ్న: సార్, సెకండ్‌హ్యాండ్ ఆర్గన్ మాడ్యూల్ కొన్నాను. దానికి గుండ్రటి అయిదు పిన్నుల సాకెట్ ఉంది. నా కీబోర్డుకి యూఎస్‌బీ మాత్రమే ఉంది. దాని కోసం అమ్మే కేబుల్ కొని కలిపినా శబ్దం రావట్లేదు. మోసపోయానా అని టెన్షన్‌గా ఉంది. – ఎంవీపీ కాలనీ నుంచి, బీటెక్ విద్యార్థిని

జవాబు: టెన్షన్ పడకు తల్లీ, మాడ్యూల్ బాగానే ఉండొచ్చు. ఆ అయిదు పిన్నులది మిడి, ఏ మెట్టు నొక్కారో ఒక వాయిద్యం ఇంకోదానికి చెప్పడానికి 1983 నుంచి ఉన్న పద్ధతి. నువ్వు కొన్న కేబుల్‌ని కంప్యూటర్‌కి పెట్టడానికి చేశారు, కంప్యూటరు ఉంటేనే అది పనిచేస్తుంది. నీకు కావాల్సింది యూఎస్‌బీ మిడి హోస్ట్ అనే చిన్న పెట్టె. కీబోర్డు యూఎస్‌బీ వైరు దానిలోకి, దానిలోంచి అయిదు పిన్నుల వైరు మాడ్యూల్‌లోకి. కొనే ముందు ఆ పెట్టెలో హోస్ట్ అనే మాట ఉందో లేదో చూసుకో.

అప్పటికీ రాకపోతే రెండింటిలో మిడి ఛానెల్ ఒకటే ఉందో లేదో చూడు. వానాకాలం దాటిన పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది, మన ఊళ్ళో ఇది మామూలే, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు పెట్టి తీయి. శబ్దం వచ్చాక మరొకటి గమనించు: ఆర్గన్‌కి గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం ఒకటే, పెద్దా చిన్నా చేసేది కుడికాలి కింద ఎక్స్‌ప్రెషన్ పెడల్. సస్టెయిన్ పెడల్ అలవాటుంటే దాన్ని తీసి పక్కన పెట్టేసేయి. వేళ్ళతోనే ఒక స్వరం వదలకుండా ఇంకోటి అందుకోవాలి, మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: మా పెద్దలు చర్చిలో కాలితో తొక్కే పాత రీడ్ ఆర్గన్ వాయించినవాళ్ళు. మాడ్యూల్ అంటే డూప్లికేట్, దేవుని సన్నిధిలో నకిలీ శబ్దమెందుకు అంటున్నారు. ఏమని చెప్పాలి? – వన్‌టౌన్ నుంచి

జవాబు: ఆ మాటలో ప్రేమ ఉంది, కొట్టిపారేయకండి. కానీ హామండ్ ఆర్గన్ పుట్టినప్పుడు దాన్ని కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు. పైపు ఆర్గన్ కొనలేని చర్చిలకి చవగ్గా ఇస్తామని హామండ్ కంపెనీ ప్రచారం చేస్తే, అది పైపు ఆర్గన్‌కి సాటి అనడం తప్పని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్ళింది గొడవ. 1937లో షికాగో విశ్వవిద్యాలయం ప్రార్థనాలయంలో రెండింటినీ కనపడకుండా మార్చి మార్చి వాయించి, ఏది ఏదో చెప్పమని వినేవాళ్ళకి పరీక్ష కూడా పెట్టారు. నకిలీ అనిపించుకున్న ఆ శబ్దమే తర్వాత నల్లజాతి అమెరికన్ల చర్చిల్లో ఆరాధనకి గొంతయింది, ఇవాళ దాన్నే అసలు అంటున్నాం.

పెద్దల రీడ్ ఆర్గన్ సంగతి వేరే. అది గాలితో పలికే రేకు, ఊపిరి ఉన్న వాయిద్యం, హామండ్ మాడ్యూల్ దాని బదులు కాదు. అది ఇంకా పలుకుతుంటే దాన్ని బయట పారేయొద్దు. బెలోస్ (గాలి తిత్తి) తోలు మార్పించి నెమ్మది కీర్తనలకి అదే వాడండి, వారిలో ఒకరినే వాయించమనండి. మాడ్యూల్ పక్కన ఉంటుంది.

ప్రశ్న: పెళ్ళిళ్ళలో పాత పాటల ఆర్కెస్ట్రా. 60లు, 70ల పాటల్లో ఆర్గన్ బిట్లు సన్నగా, ముక్కుతో పలికినట్టుంటాయి. హామండ్ మాడ్యూల్‌తో వాయిస్తే లావుగా వస్తోంది, ఆ పాట అనిపించట్లేదు. – గాజువాక నుంచి

జవాబు: మీ చెవి సరిగ్గా చెప్పింది. ఆ సన్నటి శబ్దం ట్రాన్సిస్టర్ ఆర్గన్‌ది. ఇంగ్లండులో 1962లో వాక్స్ కాంటినెంటల్ వచ్చింది, ఆ వెనకే ఇటలీ నుంచి ఫర్ఫీసా కాంపాక్ట్. వాటిలో చక్రాలు లేవు. అన్నిటికన్నా పై స్థాయికి పన్నెండు ఆసిలేటర్లు (స్వరం పుట్టించే సర్క్యూట్లు), వాటిని సగం, మళ్ళీ సగం చేసుకుంటూ కింది స్థాయిలన్నీ తయారవుతాయి. అందుకే అది కరుగ్గా, సూటిగా ఉంటుంది, గుంపులోంచి చీల్చుకుని వస్తుంది. నార్డ్ ఎలక్ట్రో కీబోర్డుల్లో, జీఎస్ఐ జెమినీలో హామండ్‌తో పాటు ఈ రెండూ ఉన్నాయి. అవి లేకపోతే ఉన్నదాంతోనే 16, 5 1/3 పూర్తిగా మూసి, 8, 4, 2 లాగి, లెస్లీ ఆపేసి, వైబ్రాటో మాత్రం పెట్టండి. అచ్చంగా రాదు గానీ పెళ్ళిపందిట్లో పాట గుర్తుపడతారు.

ప్రశ్న: నేను గిటారిస్టుని. కీబోర్డు రాదు. గిటార్‌లోంచి ఆర్గన్ తెప్పించగలనా? – సిరిపురం నుంచి

జవాబు: తెప్పించొచ్చు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ బీ9 అనే పెడల్ ఉంది, మిడి అక్కర్లేదు, ప్రత్యేకమైన పికప్ అక్కర్లేదు. తొమ్మిది రకాల ఆర్గన్ శబ్దాలు, చిటుకు చప్పుడు ఎంత కావాలో కూడా ఒక నాబ్. తీగ మీటి వదిలేయకుండా కార్డ్ పట్టి ఉంచండి, గిటార్ అలవాట్లతో వాయిస్తే మాత్రం ఆర్గన్ అనిపించదు.

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం. కొనే స్తోమత లేదు, ప్రాజెక్టుగా నేనే ఆర్గన్ మాడ్యూల్ చేద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలెట్టాలి? – మధురవాడ నుంచి

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. ముందు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద సెట్‌బీఫ్రీ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఎక్కించు. చక్రాలు, డ్రాబార్లు, లెస్లీ అన్నీ అందులో ఉన్నాయి, కోడ్ తెరిచి చదువుకోవచ్చు. ఆడియో బఫర్ 128 శాంపిళ్ళు పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2.7 మిల్లీసెకన్లు, వేలికి ఆలస్యం తెలియదు. రాస్ప్‌బెర్రీ పై సొంత హెడ్‌ఫోన్ సాకెట్‌ని నమ్ముకోకు, విడిగా ఒక డాక్ బోర్డు (అంకెల్ని శబ్దపు కరెంటుగా మార్చేది) పెట్టు. జర్మనీ వాళ్ళ హెచ్ఎక్స్3 అనే మాడ్యూల్ ఇదే పనిని ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సిన సర్క్యూట్‌గా మలుచుకోగల చిప్) మీద చేస్తుంది, మీ కాలేజీ ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ బోర్డు ఉంటే రెండో మెట్టుగా అది ప్రయత్నించు.

సొంతంగా రాసేటప్పుడు స్వరాల ఫ్రీక్వెన్సీలు పుస్తకంలో ఉన్న పట్టికలోంచి తీసుకోకు, గేర్ల నుంచి లెక్కగట్టు. 60 హెర్ట్జ్ మోటారు సెకనుకి 20 చుట్లు తిరుగుతుంది. ‘ఎ’ స్వరం చక్రానికి గేరు నిష్పత్తి 88కి 64, అంటే చక్రం 27.5 చుట్లు, అంచున 16 పళ్ళు, గుణిస్తే సరిగ్గా 440. ‘సి’ కి వచ్చేసరికి 85కి 104, పళ్ళు 16, వచ్చేది 261.54. పట్టికలో ఉండేది 261.63. గేరుకి పళ్ళు పూర్ణసంఖ్యలే ఉండాలి కాబట్టి ఆ చిన్న తేడా తప్పలేదు, స్వరం స్వరానికీ ఒక్కో తేడా. అన్నీ కలిసి మోగినప్పుడు ఆ తేడాల వల్లే శబ్దం నిలబడిపోకుండా లోపల ఏదో కదులుతున్నట్టుంటుంది. నీ మాడ్యూల్ పలికాక మధ్య ‘సి’ ని ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో కొలువు. 261.63 చూపించిందంటే కోడ్‌లో ఎక్కడో మామూలు పట్టిక దూరిందన్నమాట, వెతికి తీసేయి. 261.54 వచ్చిన రోజు రికార్డు చేసి నాకు పంపు.